ఇద్దరు ఆడకూలీలు

తాత ఇంటిస్థలానికి పట్టా రావాలంటే
వారసుల పత్రం తెమ్మన్నాడు వీఆర్వో.
వారసుల పత్రానికి తాత పెళ్లికాగితం.
అట్లా వెళ్లాను గూడూరు చర్చికి,
ఒక సంతకం పని మీద,
సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేద్దామని.

రిజిస్టరు వీపు ఊడిపోయి
పురికొసతో కట్టి ఉంది.
పాస్టరుగారు కళ్లజోడు వెతుక్కునేలోపు
నేనే చదివేశాను:
గుండాల ఏసుపాదం, వయసు ఇరవై రెండు, బ్రహ్మచారి,
సైదాపురం, మైకా కూలి.
1938.
పక్కన వధువు.

రాహేలు అని ఉండాలి కదా అక్కడ.
మా అవ్వ రాహేలు.
చేపలపులుసులో మామిడిటెంక ఎవరికొస్తే
వాళ్లకి అదృష్టమని చెప్పి
ప్రతిసారీ నాకే వచ్చేట్టు గరిటె తిప్పిన రాహేలు.

ఎస్తేరు అని ఉంది.
ఎస్తేరు, పూర్వపు పేరు పోలమ్మ, వయసు పదిహేడు,
తండ్రి చెంచయ్య.
తల్లి పేరుకి గడే లేదు.
సంతకం ఉండాల్సిన చోట బొటనవేలు.

ఇంకో ఇరవై పేజీలు తిప్పితే
మళ్లీ తాతే. 1943. వధువు రాహేలు.
ఈసారి వరుడి పేరు పక్కన బ్రహ్మచారి కాదు,
భార్య చనిపోయినవాడు.
రెండే మాటలు.
డెబ్బై ఐదేళ్లుగా మా ఇంట్లో ఎవరి పంటికిందా
రాయిలాగైనా తగలని రెండు మాటలు.

వెనక్కి తిప్పాను.
ఎస్తేరు పేరు మీద ఎర్రసిరాతో చిన్న సిలువ,
ఒక తేదీ.
కారణం రాయలేదు.

తేదీ పట్టుకుని నెల్లూరు వచ్చాను.
గ్రంథాలయంలో పాతపత్రికల గదికి దస్తగిరి కాపలా.
"చేత్తో తిప్పబాకమ్మా, ఊదు" అన్నాడు.
ఊదాను.
యుద్ధం. యుద్ధం. నీరసానికి లేహ్యం. మళ్లీ యుద్ధం.
నాలుగో పేజీ అడుగున
సైకిళ్ల ప్రకటనకి కాస్త పైన:

"సైదాపురం చెంత మైకా గనిలో దరి విరిగిపడి
ఇద్దరు ఆడకూలీలు మరణించిరి.
పని మరునాటినుండి యథాప్రకారము సాగుచున్నది."

గని పేరుంది. యజమాని పేరుంది,
ఆ పేరుకి ముందొక బిరుదు, వెనకొక బిరుదు.
వీళ్లు ఇద్దరు. అంతే.
ఒకరు మా ఎస్తేరే అనుకుంటే
రెండో ఆమె ఎవరింటి మనిషో,
ఆమె కోసం ఈ కాగితాన్ని
ఎవరైనా ఎప్పుడైనా ఊదారో లేదో.

బస్సులో, ఫోన్లో తీసుకున్న వేలిముద్రని
పెద్దది చేసి చూశాను.
గీతల మధ్య ఏదో తళుక్కుమంది.
కాకిబంగారం పొట్టు అనుకున్నాను,
పొద్దంతా రేకులు చీల్చిన వేలు కదా.
కెమెరా వెలుగై ఉంటుంది. పురుగుల మందు పొడైనా అయి ఉంటుంది.
అనుకోవడం మాత్రం మానలేదు.

వీఆర్వో ఇచ్చిన ఫారంలో ఆమెకి చోటు లేదు.
పిల్లలు లేకుండా పోయిన భార్యని రాయక్కర్లేదట.
ఆ దరి విరగకపోతే
తాతకి రాహేలు లేదు, మా నాన్న లేడు,
ఈ ఫారం నింపే చెయ్యి లేదు.
ఎటువైపు నిలబడి ఏడవాలో తెలీని లెక్క.

కందుకూరులో మా పెద్దత్తకి ఫోన్ చేశాను.
ఆమె పేరు ఎస్తేరు.
ఇన్నాళ్లూ బైబిల్లో రాణి పేరే అనుకున్నాం.
"అత్తా, నీకీ పేరు తాతేనా పెట్టింది?"
"మీ తాత వద్దే వద్దన్నాడంట.
మీ అవ్వే పట్టుబట్టి పెట్టిందంట. ఏం మే?"

చెప్పాను.
అవతల కుక్కర్ కూసింది. ఒకటి. రెండు.
మూడోదానికి ఎవరో పొయ్యి కట్టేశారు.
"ఎన్నేళ్లకి పోయింది?"
"ఇరవై."
"పసిబిడ్డే గదా," అంది
డెబ్బై నాలుగేళ్ల ఎస్తేరు.

కాసేపాగి,
"ఆ కాగితం నాకూ ఒకటి తీసిపెట్టు."